క్యాసెట్ రెండో వైపు

"ఎర్ర బటన్ మాత్రం నొక్కగాకమ్మా. నొక్కితే నీ కొడుకు గొంతు చెరిగిపోతాది," అన్నాడు సుబ్బరాయుడు.

ఖాతూన్‌బీ వేలు చటుక్కున వెనక్కి తీసుకుంది. "ఇన్ని దినాలు నువ్వే పెట్టినావు కదప్పా. ఈపొద్దు నాకెందుకీ చదువు?"

"రేపట్నించి నేను రాలేనమ్మా. అందుకే నేర్పిస్తాండా."

ఎందుకని ఆమె అడగలేదు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాక ఈ ఇంటికి ఎవరొస్తారు?

టేప్‌రికార్డర్ అతనిదే. ప్రతి ఆదివారం మైలవరంలో బస్సెక్కి, దాన్ని చంకన పెట్టుకుని జమ్మలమడుగులో దిగేవాడు. మొదటిసారి వచ్చినప్పుడైతే గంటసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. క్యాసెట్ ఆమె కొడుకు హుమాయున్‌ది. తన పాటలు తానే రాసుకుని, గిటారు వాయిస్తూ పాడిన రాక్ గాయకుడు. మొదట చేసిన రెండు ఆల్బమ్‌లనూ కన్నతల్లి తప్ప ఎవరూ వినలేదు. మద్రాసు స్టూడియోలో చేసిన మూడోది, 'పెన్న చెలమ', ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ప్రతి టీ అంగట్లోనూ మోగింది.

ఆ పాటలతో వచ్చిన పేరే కొంప ముంచింది. ఎన్నికల సభలో పాడించుకున్న నాయకుడు, మర్యాదకని తన జీపులో ముందు సీటిచ్చాడు. ఫ్యాక్షన్ సీమలో ముందు సీటు నాయకుడిది. బాంబు వేసేవాళ్లు మొహం చూడరు, సీటు చూస్తారు. వెనక కూర్చున్న ఖాతూన్‌బీ బతికి సాక్షి అయింది. రేపు ప్రొద్దుటూరు కోర్టులో బాంబు వేసినవాణ్ని చూపించాలి.

సాక్షి గడప తొక్కితే తమ మీదికొస్తుందని వీధంతా తలుపులు వేసుకుంది. రంజాన్‌కు కూడా ఒక్క ఇంటి నుంచీ సేమియా గిన్నె రాలేదు. రెండేళ్లుగా ఆమెను పలకరించే దిక్కు సుబ్బరాయుడొక్కడే.

"ముందు సీట్లో కూచోమని నేనే చెప్పినానప్పా," అంది ఆమె. "పెద్దాయన పిలుస్తాండాడు, పోరా అని."

"నీ తప్పేముందమ్మా," అన్నాడతను. "రెండో వైపు మూడో పాట నాకు నోటికొస్తాది. అది పాడినోడే ఆ సీట్లో ఉండాడని తెలిసుంటే ఎవునికి చెయ్యి లేస్తాది?"

ఆమె నొక్కి పెట్టిన పాట అయిపోయింది. క్యాసెట్ ఊరికే తిరుగుతోంది.

"చెప్పకుంటే ఏమైతాది?" అంది ఖాతూన్‌బీ ఉన్నట్టుండి. "చెప్తే బిడ్డ లేచొస్తాడా? చెప్పినానంటే ఈ ఇంటికొచ్చే మనిషే ఉండడు. గోడలతో మాట్లాడుకోవల్ల నేను."

"చెప్పమ్మా. చూసింది చూసినట్టు చెప్పు. నా మీద ఒట్టు."

"నీకు భయం కాలేదా?"

"అయితాంది. శానా అయితాంది."

ఆమె లేచి పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చింది. "రెండేండ్లలో ఈడ మంచినీళ్లు గూడా ముట్టలేదు నువ్వు. ఈపొద్దన్నా తిని పో."

సుబ్బరాయుడు తల ఎత్తకుండా తిన్నాడు. టేప్‌రికార్డర్ అక్కడే వదిలేసి బస్సు వేళకు వెళ్లిపోయాడు.

మర్నాడు, బెయిలు మీద వచ్చి ముద్దాయిల బోనులో నిలబడ్డ సుబ్బరాయుణ్ని ఖాతూన్‌బీ వేలెత్తి చూపింది.