చేప తేన్పు

బ్రేవ్‌మని తేన్చాడు పెద్దాయన.

గుండె డాక్టరు గది బయట వరసగా కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పారు. చేపల వాసన గుప్పుమంది.

పక్క కుర్చీలో ఉన్న బస్సు డ్రైవరు ముక్కు మూసుకున్నాడు.

"పొద్దున్నే చేపలు లాగించారా తాతగారూ?"

"చేపలు కాదు బాబూ, వీళ్లిచ్చిన మాత్ర," అంటూ పెద్దాయన మొహమాటంగా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజునుంచి ఆయనకు తేన్పుల తాత అని పేరు పడిపోయింది. పెట్టినవాడు డ్రైవరే.

ఇద్దరిదీ ఒకటే జబ్బు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని అవి గట్టిపడుతున్నాయి.

"నాకు కొవ్వెక్కిందని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది. డాక్టర్లకి ఇప్పటికి తెలిసింది," అని డ్రైవరు అందరినీ నవ్వించేవాడు.

లోపల మాత్రం బిక్కుబిక్కుమంటూ ఉండేవాడు. వాళ్ల నాన్న ఇదే జబ్బుతో స్టీరింగు మీదే ఒరిగిపోయాడు. ఇంట్లో ఆడపిల్లలు ఇంకా బడికి వెళ్తున్నారు.

ఆ ఆస్పత్రిలో చేపనూనె మీద పరీక్ష జరుగుతోంది. చేపనూనెలో ఉండేదీ ఒక రకం కొవ్వేనట. అది నాళాల్లో వాపు తగ్గిస్తుందట. వాపు తగ్గితే గట్టిపడటం ఆగుతుందా అన్నది తేలాలి. అందుకని మామూలు మందులతో పాటు సగంమందికి చేపనూనె మాత్రలు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్త మాత్రలు ఇస్తున్నారు. ఎవరికి ఏవి వెళ్తున్నాయో ఇచ్చే నర్సుకి కూడా తెలియదు.

డ్రైవరుకి తెలిసిపోయింది. తనకి ఒక్క తేన్పయినా రాలేదు మరి.

"నాకు ఉత్తవి అంటగట్టారు తాతగారూ."

"ఎలా చెప్పగలవు?"

"మీకు చేప వాసన కొడుతోంది, నాకు కొట్టట్లేదు. ఇంకా ఎలా అంటారేంటి?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే ఏం చేద్దామంటావు?"

"మార్చుకుందాం."

అన్నాక డ్రైవరుకి సిగ్గేసింది. అయినా ఆగలేకపోయాడు.

"మీరు పెద్దవారు. జీవితం చూసినవారు. నా పిల్లలు చిన్నవాళ్లు తాతగారూ."

"నేను కుదరదంటే?"

"ఈ సీసా కాలవలో పారేస్తా. ఉత్త మాత్రలు మింగడానికి నాకేం ఖర్మ?"

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"సీసాల మీద నంబర్లున్నాయి, అవి మారిస్తే పట్టేస్తారు. లోపలి మాత్రలే మార్చాలి. ఇలా ఇవ్వు."

రెండు సీసాలూ జేబులో వేసుకుని చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చి డ్రైవరు సీసా డ్రైవరు చేతిలో పెట్టాడు.

"పూట తప్పకుండా వేసుకుంటానని మాటివ్వు."

"మా అమ్మాయిల మీద ఒట్టు."

ఆ తర్వాత కొత్త సీసాలు ఇచ్చినప్పుడల్లా అదే తంతు.

"మరి నాకింకా తేన్పు రావట్లేదేంటి?" అని డ్రైవరు ఒకసారి అడిగాడు.

"అందరికీ రావాలనేం లేదు బాబూ."

కోరినది దొరికినవాడు కదా, డ్రైవరు ఆ మాట గురించి మళ్లీ ఆలోచించలేదు. అప్పట్నుంచి పెద్దాయన రుమాలు ఎప్పుడూ నోటి దగ్గరే ఉండేది. అది మర్యాద కాబోలు అనుకున్నాడు.

ఒకసారి వెళ్లేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"తేన్పుల తాత రాలేదేం సిస్టర్?"

"పోయారండీ. గుండెపోటు. నిద్రలోనే."

డ్రైవరు ఆ కుర్చీ చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పరీక్ష పూర్తయింది. డ్రైవరు నాళాలు గట్టిపడటం ఆగిందని స్కానింగులో తేలింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అతనికి మాత్రం ముద్ద దిగలేదు.

ఎవరికి ఏ మాత్రలు వచ్చాయో చెప్పే రోజున నర్సు నోరు తెరవకముందే అతను కక్కేశాడు.

"ఆయన మందు నేను తిన్నాను సిస్టర్. మార్చకపోతే నావి కాలవలో పారేస్తానని బెదిరించి మాత్రలు మార్పించుకున్నాను. ఆయన్ని నేనే పొట్టన పెట్టుకున్నాను."

నర్సు అతన్ని తేరిపార చూసింది. కంప్యూటరు తన వైపు తిప్పుకుంది.

"మీకు వచ్చినవి చేపనూనె మాత్రలండీ. ఆయనకి వచ్చినవి ఉత్త మాత్రలు."

డ్రైవరుకి బుర్ర తిరిగింది.

"అంటే చేజేతులా మంచివి ఇచ్చేసి ఉత్తవి తెచ్చుకున్నానా? మరి నాకెలా తగ్గింది?"

"మీ రక్తంలో ఆ నూనె పుష్కలంగా ఉంది. ఆయన రక్తంలో లేదు. ఆయన అసలు మార్చనే లేదు."

"ఊరికే సీసాలు పట్టుకుని లోపలికి వెళ్లొచ్చేవారా?"

"మారుస్తానని అనకపోతే మీరు పారేసేవారు కదా."

డ్రైవరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి ఆ తేన్పులేంటి సిస్టర్?"

"ఉత్త మాత్రల్లోనూ ఒక చుక్క చేపనూనె వేశారు, వాసన చూసి ఎవరూ కనిపెట్టకూడదని. తేన్పు వచ్చినా రాకపోయినా ఒకటే."

"ఆ సంగతి తాతగారికెలా తెలుసు?"

నర్సు ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఈ పరీక్ష మొదలుపెట్టి, ఆ చుక్క వెయ్యమన్న పెద్ద డాక్టరుగారు ఆయనేనండీ, రిటైరయ్యాక తనకీ జబ్బు చేస్తే, తన సీసాలో ఏముందో తనకీ తెలియకుండా, మీ అందరితో పాటు వచ్చి అక్కడ కూర్చున్నారు."