రెండో మెట్టు కొసరు

మనిషి మంచిపని ఎందుకు చేశాడో చెప్పే ఉంగరాలు ఊరంతా వచ్చేశాయి. చేసిన వెంటనే ఉంగరం మీద మెట్టు అంకె వెలుగుతుంది: భయపడి చేస్తే మొదటి మెట్టు, లాభానికైతే రెండోది, మెప్పుకైతే మూడోది. ఎవరూ చూడకున్నా చేసేవాడిది నాలుగో మెట్టు. చేపల బజారు పెద్దరికం వాడికే ఇస్తారు. ఆ సాయంత్రమే ఎంపిక.

అందుకని యెర్రయ్య పొద్దుటినుంచీ తూకం తూకానికీ గుప్పెడు రొయ్యలు కొసరు వేస్తున్నాడు. ఉంగరం రెండు దాటలేదు.

"బుట్ట ఖాళీ అయిపోతంది మావా, మెట్టెక్కినావేటి?" అని భార్య నూకాలు వెక్కిరించింది.

ఇంతలో ఒక ముసలమ్మ వచ్చి రొయ్యలు తూయించుకుంది. కొసరు వెయ్యబోయిన యెర్రయ్య చెయ్యి ఆగిపోయింది. ఇదెందుకు వేస్తున్నానని జన్మలో మొదటిసారి తనను తానే అడిగి చూసుకున్నాడు.

"పెద్దరికం కోసమేనే! రెండో మెట్టే!" అని కేక పెట్టాడు.

"ఏ మెట్టుమీద నిలబడి ఏసినా కూరకి సరిపోద్ది నాయనా, ఎయ్యి" అంది ముసలమ్మ.

వేశాడు. అప్పుడు వెలిగింది ఉంగరం. రెండు!

యెర్రయ్య కుర్రాడిలా గంతేశాడు. "సూసినావేటే! ఉంగరం కన్నా ముందే నాను సెప్పీసినాను!"

"పెద్దరికం పోనాది గదా మావా."

"పోతే పోనీయే. రొయ్యలింకా ఉన్నాయి గదా, ఇంకోపాలి నన్ను నాను అడిగి సూత్తాను!"