మొండి బేరం

"చేయించుకోను," అన్నాడు పెద్దాయన. "ఇంకోసారి అడిగితే లేచి ఇంటికి పోతాను."

ఆసుపత్రి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అక్కడివాళ్లిచ్చిన బట్టలు ముట్టుకోనైనా లేదు. తన తెల్ల చొక్కాతోనే ఉన్నాడు, అదీ మడత నలగకుండా. కిటికీ దగ్గర కుర్చీలో కూతురు. గుమ్మంలో డాక్టరు, ఆ ఇంటికి పాత స్నేహితుడు. ఈ తండ్రీకూతుళ్లతో వేగలేనన్నట్టు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

పెద్దాయన మొండితనం ఊరికి కొత్తేం కాదు. కరెంటు ఇస్త్రీ పెట్టె అంటే షాకు కొట్టి చంపేస్తుందని జనం జడుసుకునే రోజుల్లో, దాన్ని భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగినవాడాయన. మొహం మీద తలుపేస్తే కిటికీలోంచి పలకరించేవాడు. దుకాణాలవాళ్లంతా ఒక్కటై నీ సరుకు మా అరల్లో పెట్టేది లేదంటే, గుమ్మాలే నా దుకాణాలు పొమ్మన్నాడు. 'ఇస్త్రీ పెట్టె' అని వెక్కిరిస్తే ఆ పేరుతోనే కంపెనీ పెట్టాడు. ఆయన అమ్మే పద్ధతి కూడా తిక్కగానే ఉండేది. ఇంటివాళ్ల చొక్కా సగం ఇస్త్రీ చేసి, పెట్టె వాళ్ల చేతికిచ్చేసి, నోరు మూసుకుని కూర్చునేవాడు. మిగతా సగం వాళ్లు చేసుకుంటూ, ఎంత బాగుందో వాళ్లే ఆయనకు చెప్పేవాళ్లు. బేరం కుదిరిపోయేది.

ఆ కంపెనీని ఇప్పుడు నడిపేది కూతురు. ఆవిడా తక్కువేం తినలేదు. ఆఫీసులో గది అడిగితే తండ్రి పెట్టె చేతికిచ్చి వీధిలోకి తోశాడు. వీధులన్నీ గెలుచుకుని వచ్చి ఆ గదిలో కూర్చుంది. కొత్త ఫ్యాక్టరీ పనిలో పడి ఈమధ్య తిండీ నిద్రా మానేసింది, మనిషి సగమైంది. పొద్దున తండ్రి ఫోన్ చేసి, డాక్టరు ఆపరేషన్ తప్పదంటున్నాడు, నేను ఆసుపత్రిలోనే ఉన్నాను, రా అన్నాడు. మీటింగు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చింది.

ఇప్పుడైతే నయమవుతుందని, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు మరోసారి చెప్పాడు. కూతురు ముందు బతిమాలింది, తర్వాత కోప్పడింది. పెద్దాయన ఒక్కో సాకూ బయటికి తీశాడు. కొత్త ఫ్యాక్టరీ తెరవనీ అన్నాడు. డీలర్లకు తెలిస్తే కంగారు పడతారన్నాడు. నొప్పి అప్పుడప్పుడేగా, ఓర్చుకోవచ్చన్నాడు. ఇంట్లోవాళ్లను ఏడిపించడం దేనికన్నాడు. డాక్టరు ఆ మాటలన్నీ అదివరకే విన్నవాడిలా నేలచూపులు చూశాడు.

ఒక్కో సాకూ వింటుంటే కూతురి మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు.

"ఫ్యాక్టరీ ఎవరు తెరిచినా తెరుచుకుంటుంది నాన్నా. నువ్వు పోతే నిన్నెవరు తెచ్చిస్తారు?"

"మాటలు బాగానే ఉన్నాయి. వాటి మీద నీకు నమ్మకముందా?"

"లేకపోతే ఎందుకు చెప్తాను?"

"అయితే ఇదీ చెప్పు. డాక్టరు చెప్పాక కూడా వాయిదా వేసే మనిషిని ఏమనాలి?"

ఆవిడ లేవబోయి, పక్కటెముకల కింద చెయ్యి అదుముకుని మళ్లీ కూర్చుంది.

"పిరికిమనిషి అనాలి. పైకి ధైర్యం, లోపల వట్టి భయం. కత్తంటే భయం. మళ్లీ కళ్లు తెరవనేమోనని భయం. అది దాచుకోవడానికే ఈ ఫ్యాక్టరీలూ మీటింగులూ." కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

పెద్దాయన పెదవి విప్పలేదు. ఆ మౌనం భరించలేక ఆవిడే మళ్లీ మొదలుపెట్టింది. భయపడటం తప్పు కాదని, భయంతో ఊరుకోవడమే తప్పని చెప్పింది. కంపెనీ పోతే మళ్లీ పెట్టుకోవచ్చని, మనిషికి రెండో మనిషి దొరకదని చెప్పింది. చెప్తున్నకొద్దీ ఆవిడ గొంతు గట్టిపడింది.

"రేపే అయిపోవాలి. భయమేస్తే చెయ్యి పట్టుకుందాం. ఇక సాకుల్లేవు."

"రేపేనా?"

"రేపే."

"తర్వాత మాట మార్చకూడదు."

"ఎవరు మార్చినా నేనూరుకోను."

"విన్నారుగా డాక్టరుగారూ," అన్నాడు పెద్దాయన. "రేపటికి ఏర్పాట్లు చూడండి."

డాక్టరు హమ్మయ్య అనుకున్నాడు. కూతురు చాలా రోజుల తర్వాత నవ్వింది. ఊరందరికీ అమ్మినాయనకు చివరికి తను అమ్మగలిగింది, అదీ ఆవిడ సంబరం.

పెద్దాయన మంచం దిగాడు. దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేసి, దిండు దులిపి సర్దాడు. కూతురి దగ్గరికొచ్చి, భుజం పట్టి మెల్లగా లేవదీశాడు.

"పడుకో తల్లీ, ఆపరేషన్ నీకే."