మూడు పార్కుల సంబంధం

బొటానికల్ గార్డెన్‌లో మొదటి ప్రయత్నం పది నిమిషాల్లోనే చెడింది.

పద్మశ్రీ, సాత్విక్ పోచారంలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. నాలుగు నెలలుగా లంచ్ టైములో ఇద్దరిదీ ఒకటే ఆలోచన, ఈ పెళ్లి ఎలా జరగాలా అని. ఆమెది నాచారం. తల్లి పోయాక నాన్న ఉమాపతే ఆమెకు అన్నీ. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. సాత్విక్‌ది ఉప్పల్. తండ్రి లేడు. తల్లి ఛాయాదేవి మొన్నటిదాకా కాలేజీలో బోటనీ చెప్పింది.

సూటిగా అడిగితే పెద్దవాళ్లు ఇద్దరూ కస్సుమంటారు. ముందు వాళ్లకు ఒకరంటే ఒకరికి మంచి అభిప్రాయం కలగాలి. అందుకే, అనుకోకుండా ఎదురుపడినట్టు ఈ ఏర్పాటు.

ఉమాపతి ఒక చెట్టు దగ్గర ఆగి, "ఇది నల్లమద్ది" అన్నాడు.

"కాదండీ, తెల్లమద్ది. బెరడు చూడండి" అంది ఛాయాదేవి.

అంతే. మెట్రో దిగి ఇంటికి చేరినా ఆయన కోపం దిగలేదు. "ఊర్ల పుట్టి పెరిగినోనికి చెట్లు నేర్పుతదా ఆమె?"

రెండోసారి జూపార్కు. బ్యాటరీ బండిలో రెండే సీట్లు మిగిలాయి. ఒకదాంట్లో పద్మశ్రీ నాన్నను ఎక్కించింది, ఇంకోదాంట్లో సాత్విక్ అమ్మను ఎక్కించాడు.

"మేం నడుచుకుంట వస్తం నాన్నా."

గంటైనా పెద్దవాళ్ల జాడ లేదు. ఫోన్ ఎత్తడం లేదు. పద్మశ్రీ మళ్లీ నంబరు నొక్కింది.

"మళ్ల కొట్లాడుకున్నరేమో సాత్విక్."

వెతగ్గా వెతగ్గా నీటిగుర్రం కొలను దగ్గర దొరికారు. ఉమాపతి ఇంటినుంచి తెచ్చుకున్న సర్వపిండిలో సగం ఛాయాదేవి చేతిలో ఉంది.

"జర సప్పుడు చేయకున్రి. అది ఎప్పుడు లేస్తదో సూస్తున్నం" అన్నాడు ఆయన.

"ముప్పావుగంట నుంచీ లేవలేదు. మీ నాన్నగారు కదలనివ్వట్లేదు" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

మూడోసారి ఉప్పల్ శిల్పారామం. ఈసారి రమ్మన్నది పెద్దవాళ్లే. ఉమాపతి ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టాడు.

"అనుకోకుండ కలుసుడు ఒక్కసారైతే నమ్ముతం. ఇదంత మీ నాటకమని మాకు ఎర్కైంది."

పద్మశ్రీ తల దించుకుంది. "నువ్వు ఒప్పుకోవని భయమైంది నాన్నా."

"నలుగురు ఏమంటరో ఆలోచించిన్రా?"

"ఏమన్నా అననీ. మేం పడ్తం."

ఉమాపతి ఛాయాదేవి వైపు చూశాడు. ఆమె కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"మేం అన్నీ మాట్లాడుకున్నాం. మాకు ఇష్టమే" అంది.

పద్మశ్రీకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సాత్విక్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మా అమ్మ పెళ్లికి ఆడపెళ్లివారమంటే నేనొక్కణ్ణే అక్కా, మగపెళ్లివారమని నువ్వు మరీ మర్యాదలు అడక్కు."