చీటీ నువ్వే రాయి

"మూడు నెలలుగా కొండ తవ్వుతున్నావు. ఎలుకైనా దొరికిందా? పోయి లైబ్రరీలో వెతూరియా గారిని అడుగు," అన్నాడు ప్రొఫెసరు.

ఇలింకాకు మొహమాటం. ఇంత చదువూ చదివి వెతకడం రాదా అని లైబ్రరీలో నవ్వుతారని భయం.

కానీ ఇది ఒక్క థీసిస్ సంగతే కాదు. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం రోజుల్లో పెదనాన్న తిబేరియు ఈ లైబ్రరీలోనే చదువుకునేవాడు. అతని మీద ఎవరో రహస్య పోలీసులకు రాసిచ్చారు. జైలుకెళ్లినవాడు మళ్లీ రాలేదు. బుకారెస్టులోని పాత పోలీసు దస్త్రాల నుంచి ఇలింకా ఆ కాగితం నకలు తెచ్చుకుంది. కింద ‘పిచ్చుక’ అన్న మారుపేరు. తేదీలో 7 అంకె నడుముకు ఆ దేశంలో అందరూ వేసే ఒక అడ్డగీత కాదు, రెండు.

"నేను పోయేలోగా ఆ పేరు నా చెవిన వెయ్యవే," అంటుంది నానమ్మ.

వెతూరియా బల్ల మీద ఎప్పుడూ ఒకటే అట్ట: సిగ్గుపడకండి, అడగండి. ఏ పుస్తకం ఎక్కడుందో నోటికే చెబుతుంది. పుస్తకం అడిగే చీటీ మాత్రం పిల్లలే రాసుకోవాలి.

"నా రాత మంచిది కాదు. నువ్వే రాయి తల్లీ," అంటుంది.

"ముసలమ్మకి చదవడమే వచ్చురా, రాయడం రాదు," అని పిల్లలు వెక్కిరిస్తారు.

ఆ రోజు ఇలింకా బల్ల దగ్గర నిలబడింది.

"అడగడానికి మూడు నెలలా పిల్లా? రోజూ ఆ కిటికీ దగ్గర చూస్తూనే ఉన్నా."

"నవ్వుతారేమోనని..."

"నేను నవ్వి చాలా ఏళ్లయింది. అడుగు."

ఇలింకా కాగితం ముందు పెట్టింది. "ఈ పిచ్చుక ఎవరో ఎక్కడ వెతకాలండీ?"

వెతూరియా కాగితం అందుకుని, కింద తేదీ దాకా చదివింది.

"తిబేరియు కూడా ఆ కిటికీ దగ్గరే కూర్చునేవాడు."

"ఆయన మీకు తెలుసా?"

"ఇన్నేళ్లుగా అడగండి, అడగండి అంటున్నా. ఈ మాట ఒక్కరూ అడగలేదు."

ఇలింకా అలవాటు కొద్దీ చీటీ తీసింది. వెతూరియా దాన్ని లాక్కుంది.

"ఈ ఒక్కటీ నేనే రాస్తా."

కలం తీసి మొదలుపెట్టింది. ఇలింకా వంగి చూసింది.

పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది, తేదీ గడిలో మాత్రం 17 పడింది, అందులో 7 అంకె నడుముకు రెండు గీతలు.