మెట్లు లేని అంతస్తు

బోరు ఎండి పొలం బీడుపడిన ఏడాది, లక్ష్మీనర్సమ్మ, ఆమె భర్త బుచ్చిరాములు ఊరు విడిచి నగరంలోని నాచారం వచ్చారు. సగం కట్టిన అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటే కింద గది ఇస్తామన్నారు కట్టించేవాళ్లు. ఊళ్లో ఇల్లు కూలిపోయింది. వెనక్కి పోయే దారి లేదు.

చేరిన రోజే, చీకటిపడ్డాక బుచ్చిరాములు బియ్యం తేవడానికి లాలాపేట వెళ్లాడు. కరెంటు పోయింది. జ్వరంతో కాలిపోతున్న చంటిపాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న లక్ష్మీనర్సమ్మకు, పైన ఎవరో చేటతో చెరుగుతున్న చప్పుడు వినిపించింది. పై అంతస్తుకు ఇంకా మెట్లే కట్టలేదు.

"ఎవరక్కా ఆడ?" అని పిలిచింది. చేట ఆగిపోయింది.

"ఇది మా పొలముండె. మీరెప్పుడు పోతరు బిడ్డా?" అని ఒక ముసలి గొంతు అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

లక్ష్మీనర్సమ్మ పాపను ఎత్తుకుని లేచింది గానీ, ఎటు పరుగెత్తాలో తోచలేదు. అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"యాడికి పొమ్మంటవు అవ్వా? మాకు ఇంకో జాగ లేదు."

పైన చేట కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత అదే గొంతు, ఈసారి గదిలో ఆమె పక్కనే, మెల్లగా అంది.

"పొలం గుంజుకున్ననాడు మేం గూడ గిట్లనే ఏడ్సినం బిడ్డా. జర జరుగు. మేం మస్తు మందిమి ఉన్నం."