ఎర్రగా పుట్టిన కూన

వంశపారంపర్యంగా రక్తహీనత వచ్చే ఎలుకల్ని పెంచే ల్యాబు అది. అవి ఈనిన ప్రతిసారీ డైరెక్టరుగారే స్వయంగా వస్తారు. పాలిపోయిన కూనల్ని దూదిలో పడుకోబెట్టి "నా బంగారుతల్లులు!" అని మురిసిపోతారు. వాటి ఒంట్లో ఎర్రకణాలు పుట్టించే మందు కనిపెట్టడమే ఆయన జీవితాశయం. ఎర్రగా, నిక్షేపంగా పుట్టిన కూనల్ని మాత్రం ప్రాణం తీసే గ్యాసు డబ్బాలో వేసి మూత బిగిస్తారు. ఆరోగ్యవంతులతో పరిశోధనకేం పని?

అక్కడి టెక్నీషియన్‌కు ఆరో నెల. వాళ్లింట్లోనూ అదే జబ్బు. అన్న దానితోనే పోయాడు.

"బెంగపెట్టుకోకమ్మా. బిడ్డకు ఆ జబ్బుంటే నా మందు మొదట నీ బిడ్డకే!" అని డైరెక్టరుగారు ఎన్నిసార్లు అభయమిచ్చారో! ఎంత వెన్నలాంటి మనసు!

ఈ ఉదయం ఆమె ఆయాసపడుతూ వచ్చింది.

"సార్, డాక్టరమ్మ చెప్పేసింది! నా బిడ్డకు ఆ జబ్బు రాలేదట సార్!"

ఎర్రటి కూనను చేత్తో పట్టుకున్న డైరెక్టరుగారు తలెత్తారు.

"అయ్యయ్యో, అలాగా!"

వెంటనే నాలిక కరుచుకున్నారు. "అదేనమ్మా... సంతోషం, చాలా సంతోషం" అంటూ కూనను డబ్బాలో వేసి మూత బిగించారు.

ఆ చప్పుడుకు ఆమె రెండు చేతులూ పొట్టను కప్పేశాయి.

"ఏమ్మా, చలేస్తోందా?" అని ఆప్యాయంగా అడిగారాయన.